1ఏడబ్ల్యూ : హిరామ్ పెర్సీ మాక్సిమ్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడాదీ ఒక గొప్పవారి జీవితం వేయడం ఆనవాయితీ. మనకు దారి చూపిన మహనీయుల గురించి పెద్దన్నలు ఇదివరకే ఎంతో బాగా రాశారు. ఈసారి ఆ పేజీలు మాకిచ్చారు. మేము ఎంచుకున్న మనిషి మన దేశస్థుడు కాదు. పేదరికం ఎరిగినవాడూ కాదు. అమెరికాలో పుట్టి, కార్లు, యంత్రాల మధ్య బతికి, 1936లో కన్నుమూసిన ఇంజనీరు. పేరు హిరామ్ పెర్సీ మాక్సిమ్. ఆయన మనకెందుకు అని అడిగే తమ్ముళ్ళకు ముందుగా ఒక మాట చెప్పాలి.

హాస్టల్లో చేరిన రోజు నింపిన దరఖాస్తు ఫారం మనందరికీ గుర్తే. మన పేరు తర్వాత రెండో గడి తండ్రి పేరు. మూడోది తండ్రి వృత్తి. తర్వాత కులం, వార్షిక ఆదాయం. ఆ రెండో గడి దగ్గర పెన్ను ఆగిపోయిన పిల్లలు మా బ్యాచ్‌లోనే నలుగురైదుగురు ఉన్నారు. ఒకడి నాన్న బొంబాయి వెళ్ళి ఏళ్ళ తరబడి ఉత్తరం రాయలేదు. ఇంకొకడి నాన్న ఊళ్ళోనే ఉన్నా వేరే ఇంట్లో ఉన్నాడు. మా సంగతి ఇక్కడ రాయం. ఫారం మాత్రం ఎవరినీ వదలదు, అందరమూ నింపాం.

పీజీ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక సైన్సు ప్రదర్శనలో హామ్ రేడియో బల్ల చూశాం. జీతం కోసం గాని, వ్యాపారం కోసం గాని కాకుండా, ఇష్టం కొద్దీ పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు తీసుకుని నడుపుకునే సొంత వైర్‌లెస్ స్టేషన్‌ను హామ్ రేడియో అంటారు. అక్కడ కూర్చున్న పెద్దాయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నిలువు గీతలు కొట్టిన పుస్తకంలో తేదీ, టైము, అవతలి స్టేషన్ కాల్‌సైన్, అది వినబడిన తీరు రాసుకుంటున్నారు. ఆ పుస్తకాన్ని లాగ్ అంటారట. కాల్‌సైన్ అంటే స్టేషన్‌కు ప్రభుత్వం ఇచ్చే పిలుపు పేరు, కొన్ని అక్షరాలూ ఒక అంకే కలిసి ఉంటుంది. మన దేశానివి వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి.

ఆ నాలుగైదు అక్షరాలతో అవతల ఉన్నదెవరో ఎలా తెలుస్తుందని అడిగాం. ఆయన పక్కనున్న కంప్యూటర్లో ఆ అక్షరాలు కొట్టారు. పేరు, ఊరు వచ్చాయి. కంప్యూటర్లు రాక ముందు ఇదే పనికి టెలిఫోన్ డైరెక్టరీ లాంటి లావుపాటి కాల్‌బుక్ ఉండేదని చెప్పారు. లాగ్‌లో ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా, మాట్లాడామని రుజువుగా పంపే కార్డు ఇంకెవరి ఇంటికో పోతుందట. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు తప్పు పడి మండలాఫీసు చుట్టూ తిరిగిన వాళ్ళం కాబట్టి ఆ జాగ్రత్త మాకు వెంటనే అర్థమైంది. ఆ తెర మీద మేము ఇంకో గడి కోసం కూడా వెతికాం. అందులో తండ్రి పేరు లేదు.

ఆ రోజు నుంచి చదువుతూ పోతే దొరికిన మనిషి ఈ మాక్సిమ్.

బాల్యం

హిరామ్ పెర్సీ మాక్సిమ్ 1869 సెప్టెంబరు 2న బ్రూక్లిన్‌లో పుట్టాడు. అప్పటికి అది న్యూయార్క్‌లో కలవని వేరే నగరం. తండ్రి హిరామ్ స్టీవెన్స్ మాక్సిమ్ పేరుమోసిన పరిశోధకుడు. విద్యుద్దీపాల మీద పనిచేసి, 1881లో యూరప్ వెళ్ళాడు. అప్పటికి పెర్సీ వయసు పన్నెండేళ్ళు. తండ్రి లండన్‌లోనే స్థిరపడ్డాడు, వేరే పెళ్ళి చేసుకున్నాడు. భార్య జేన్, కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్న ఇంటికి మళ్ళీ చేరలేదు. లండన్‌లో ఆయన 1884 ప్రాంతంలో తయారుచేసినదే మాక్సిమ్ మరతుపాకి. ట్రిగ్గరు నొక్కి పట్టుకుంటే తనంతట తానే గుండ్లు నింపుకుని పేల్చే తుపాకి అది. ఆఫ్రికాలో తెల్లవారి వలస పాలన ఆ తుపాకి గొట్టం చూపించే విస్తరించింది. తండ్రికి 1901లో సర్ బిరుదు వచ్చింది. ప్రపంచంలో సైన్యాలన్నీ ఎరిగిన ఆ పేరు అమెరికాలో ఉన్న కొడుకుకు పేరుగానే మిగిలింది, తోడుగా రాలేదు.

పెర్సీ చదువులో చురుకు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువు 1886లో, పదిహేడేళ్ళు నిండకుండానే ముగించాడు. తర్వాత లిన్ అనే ఊళ్ళో ఫిరంగి గుండ్లు చేసే కంపెనీలో పనికి కుదిరాడు. రాత్రిళ్ళు అక్కడే సొంత ప్రయోగాలు చేసేవాడు. ఒక ఖాళీ తూటా గొట్టంలో కొన్ని చుక్కల పెట్రోలు వేసి అంటించి, ఆ పేలుడు బలం చూసి, దీనితో బండి నడపవచ్చని నిశ్చయించుకున్నాడు. 1895లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో, సైకిళ్ళకు ప్రసిద్ధి పొందిన పోప్ కంపెనీ ఆయనను మోటారు బండ్ల విభాగంలో ఇంజనీరుగా పెట్టుకుంది. 1898లో జోసెఫిన్ హామిల్టన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1909లో తుపాకి చప్పుడును తగ్గించే సైలెన్సర్‌కు పేటెంటు పొందాడు. తండ్రి ప్రపంచానికి తుపాకి మోత ఇస్తే కొడుకు ఆ మోతకు మూత తయారుచేశాడని అప్పట్లో జనం చెప్పుకునే ఉంటారు. ఆ సూత్రాన్నే తర్వాత ఇంజన్ల చప్పుడు తగ్గించడానికి కూడా వాడాడు.

కొడుకుతో కలిసి

తనకు దక్కనిది ఆయన తన కొడుక్కి ఇచ్చాడు. కొడుకు హిరామ్ హామిల్టన్‌కు వైర్‌లెస్ మీద మోజు కలిగింది. నలభై దాటిన తండ్రి ఆ పిల్లవాడితో పాటు కూర్చుని దానిలో దిగాడు. సామాను కోసం వెతుకుతుంటే హార్ట్‌ఫర్డ్‌లోనే క్లారెన్స్ టస్కా అనే కుర్రాడు సెట్లు కట్టి ఇస్తాడని తెలిసింది. టస్కాకు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. పేరున్న ఇంజనీరు, ఆ కుర్రాడు మంచి స్నేహితులయ్యారు. ఇద్దరూ కలిసి 1914 జనవరిలో హార్ట్‌ఫర్డ్ రేడియో క్లబ్బు పెట్టారు.

ఆ రోజుల్లో వైర్‌లెస్‌లో మాట వినపడదు. పెద్ద విద్యుత్ నిప్పురవ్వ పుట్టించి, దాన్ని పొట్టిగా, పొడుగ్గా ఆపి ఆపి మోర్స్ కోడ్‌లో అక్షరాలు పంపేవారు. మొదట్లో ఎవరికి తోచిన పిలుపు పేరు వారు పెట్టుకునేవారు. మాక్సిమ్ మొదటి పిలుపు ఎస్ఎన్‌వై. 1912లో టైటానిక్ ఓడ మునిగాక అమెరికా ప్రభుత్వం రేడియో చట్టం చేసింది. లైసెన్సు తప్పనిసరి అయింది. ఔత్సాహికులు 200 మీటర్లకు మించని తరంగాలే వాడాలని, ఒక కిలోవాట్ శక్తి దాటరాదని కట్టడి పెట్టారు. అవి దూరం పోని, ఎవరికీ పనికిరాని తరంగాలని అప్పటి పెద్దల నమ్మకం. ఊరి చివర చౌడు నేల చూపించి ఇక్కడ గుడిసెలు వేసుకోండి అన్నట్టు అనుకోండి.

అదే చట్టంతో కాల్‌సైన్లకు ఒక పద్ధతి వచ్చింది. దేశాన్ని తొమ్మిది రేడియో జిల్లాలు చేశారు. కాల్‌సైన్‌లో మొదటి అంకె జిల్లా. ఒకటి అంటే హార్ట్‌ఫర్డ్ ఉన్న ఈశాన్యం, ఆరు అంటే కాలిఫోర్నియా వైపు. తర్వాతి అక్షరాలు ఆ స్టేషన్‌వి. మాక్సిమ్‌కు 1డబ్ల్యూహెచ్, తర్వాత 1జడ్ఎమ్ అనే పిలుపులు ఉండేవి. యుద్ధం తర్వాత 1ఏడబ్ల్యూ వచ్చింది, అదే ఆయనకు స్థిరపడింది.

మధ్య ఊరి మనిషి

1914 ఏప్రిల్‌లో మాక్సిమ్‌కు ఆడియాన్ అనే రేడియో బల్బు ఒకటి కావలసి వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో ఒకరి దగ్గర ఉందని తెలిసింది. అది హార్ట్‌ఫర్డ్‌కు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్లు. మాక్సిమ్ స్టేషన్ చట్టం ఒప్పుకున్నంత శక్తి గలది. అయినా ఆ రాత్రి ఎంత పిలిచినా అందలేదు. అప్పుడు ఆ రెండు నగరాల మధ్య విండ్సర్ లాక్స్ అనే చిన్న ఊళ్ళో ఒక స్టేషన్ ఉందని గుర్తొచ్చింది. ఆయనను పిలిచాడు, ఆయన ఆ కబురు అందుకుని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చేర్చాడు.

మనకు ఇదేమీ కొత్త విద్య కాదు. ఊళ్ళో అమ్మకు కబురు పంపాలంటే మేము ఆర్టీసీ బస్సు కండక్టరుకు చెప్పేవాళ్ళం. ఆయన స్టేజీ దగ్గర కిళ్ళీకొట్టు వాడికి చెప్పేవాడు. కిళ్ళీకొట్టు నుంచి పాలు పోసే మనిషి ద్వారా వాడకు చేరేది. సాయంత్రానికి జవాబు కూడా వచ్చేది. ఇలాంటి చిన్న సంగతి నుంచి మాక్సిమ్ ఒక పెద్ద ఆలోచన తీశాడు. ఏ ఒక్క స్టేషనూ దూరం పోలేదు. మధ్యలో ఉన్నవారు చెయ్యి అందిస్తే ఈ కొస నుంచి ఆ కొసకు కబురు పోతుంది. అయితే మధ్యలో ఎవరున్నారో ముందు తెలియాలి.

ఇక్కడ మా స్నేహితుడి సంగతి చెప్పకుండా ఉండలేం. ఇంటర్‌లో మా గదిలో అందరికన్నా మంచి మార్కులు వాడివే. కౌన్సెలింగ్ దూరపు నగరంలో. ఆ ఊళ్ళో తెలిసినవారు లేరు, రాత్రి ఎక్కడ ఉండాలో తెలియదు. అసలు సర్టిఫికెట్లలో ఒకటి తక్కువైంది. తిరిగి వచ్చి తీసుకుని వెళ్ళేసరికి గడువు దాటి ఒక రోజైంది. సీటు పోయింది. రెండేళ్ళ తర్వాత తెలిసింది ఏమిటంటే, మన హాస్టల్లో చదివిన ఒక అన్న ఆరేళ్ళుగా అదే నగరంలో, బస్టాండుకు రెండు వీధుల అవతల ఉంటున్నారు. ఫోన్ చేసి ఉంటే చాలు, పడుకోవడానికి చాప, ఏయే కాగితాలు కావాలో సలహా, రెండూ దొరికేవి. ఆ అన్న మంచివారే. మాకే తెలియదు. మా స్నేహితుడు ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తూ తమ్ముణ్ణి చదివిస్తున్నాడు. వాడి విండ్సర్ లాక్స్ ఉంది, పట్టిక లేదు.

పట్టిక

మాక్సిమ్ చేసిన పని ఆ పట్టికే. 1914 ఏప్రిల్‌లో తన ఆలోచనను హార్ట్‌ఫర్డ్ క్లబ్బు ముందు పెట్టాడు. అమెరికన్ రేడియో రిలే లీగ్ పుట్టింది. ఆయన అధ్యక్షుడు, టస్కా కార్యదర్శి. దేశమంతటా ఔత్సాహికులకు ఫారాలు పంపారు. సెప్టెంబరు నాటికి రెండు వందలకు పైగా స్టేషన్లు చేరాయి. అక్టోబరులో స్టేషన్ల పట్టికను చిన్న పుస్తకంగా అచ్చువేశారు. ఒక్కో వరుసలో కాల్‌సైన్, పేరు, చిరునామా, స్టేషన్ శక్తి, ఎంత దూరం పోతుంది, మోర్స్ ఎంత వేగంగా అందుకోగలరు, ఏ గంటల్లో ఉంటారు అన్నవి ఉండేవి. ప్రభుత్వం కూడా 1913 నుంచి లైసెన్సుదారుల జాబితా వేస్తూనే ఉంది. కానీ ఎవరు ఎంత దూరం పోగలరు, ఎప్పుడు దొరుకుతారు అన్నది లీగ్ పట్టికలోనే దొరికేది. ఎవరి తండ్రి ఎవరని ఆ పుస్తకం అడగలేదు. పేరుమోసిన తండ్రి గల మాక్సిమ్, బడికి పోయే పిల్లవాడు, రైల్వే గుమాస్తా, అందరూ అందులో ఒక్కో వరుస.

1915 డిసెంబరులో మాక్సిమ్, టస్కా సొంత డబ్బు పెట్టి క్యూఎస్‌టీ అనే పత్రిక తెచ్చారు. 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు చేయి మార్చుకుంటూ పంపిన కబురుకు గంటా ఇరవై నిమిషాల్లో జవాబు తిరిగి వచ్చింది. మూడేళ్ళ కింద 40 కిలోమీటర్లు దాటని వారు ఖండాన్ని దాటారు.

నిశ్శబ్దం, మళ్ళీ పిలుపు

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. ఔత్సాహిక స్టేషన్లన్నీ మూసేయమని ఉత్తర్వు వచ్చింది. వారిలో వేలమంది సైన్యంలో వైర్‌లెస్ పనికి వెళ్ళారు. 1918 చివర యుద్ధం ఆగినా నిషేధం తొలగలేదు. పైగా రేడియోను నౌకాదళం చేతికి అప్పగించే బిల్లు కాంగ్రెస్ ముందుకు వచ్చింది. అది నెగ్గితే సొంత స్టేషన్లకు శాశ్వతంగా తాళమే. మాక్సిమ్ వాషింగ్టన్ వెళ్ళి కాంగ్రెస్ కమిటీ ముందు ఔత్సాహికుల పక్షాన వాదించాడు. పట్టికలోని చిరునామాలన్నిటికీ ఉత్తరాలు పోయాయి. ఊరూరి నుంచి కాంగ్రెస్ సభ్యులకు విన్నపాలు వెళ్ళాయి. బిల్లు వీగిపోయింది. 1919 అక్టోబరులో స్టేషన్లు మళ్ళీ మోగాయి.

పనికిరానివని విదిలించిన తరంగాల మీదే తర్వాత అద్భుతం జరిగింది. 1921 డిసెంబరులో అమెరికా ఔత్సాహికుల సంకేతాలు అట్లాంటిక్ అవతల స్కాట్లండ్‌లో వినబడ్డాయి. 1923 నవంబరులో హార్ట్‌ఫర్డ్ పక్కనే ఉన్న ఫ్రెడ్ ష్నెల్, ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో లియాన్ డెలాయ్ సుమారు 110 మీటర్ల తరంగం మీద ఎదురెదురుగా మాట్లాడుకున్నారు. పొట్టి తరంగాలే ఎక్కువ దూరం పోతాయని ప్రపంచానికి తెలిసింది. 1925 ఏప్రిల్‌లో పారిస్‌లో అంతర్జాతీయ ఔత్సాహిక రేడియో సంఘం ఏర్పడి మాక్సిమ్‌నే మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అప్పుడు కాల్‌సైన్‌కు కొత్త అవసరం వచ్చింది. జిల్లా తెలిస్తే చాలదు, దేశం కూడా తెలియాలి. అందుకే 1928లో అమెరికా స్టేషన్ల ముందు డబ్ల్యూ అక్షరం చేర్చారు. 1ఏడబ్ల్యూ కాస్తా డబ్ల్యూ1ఏడబ్ల్యూ అయింది.

ఇన్ని పనుల మధ్య ఆయనకు ఇంకో రహస్యం ఉండేది. క్యూఎస్‌టీ పత్రికలో ముసలాయన అన్న మారుపేరుతో ఒకరు ఏళ్ళ తరబడి కథల్లాంటి చురకలు రాసేవారు. ఇతరుల కబుర్ల మీద పడి చెరిపేవారు, చేతికి వచ్చినట్టు కోడ్ కొట్టేవారు ఆయన నోట పడితే అంతే. ఆ ముసలాయన ఎవరని దేశమంతా ఊహించుకుంది. సాక్షాత్తూ అధ్యక్షుడే అని ఆయన పోయాకే తెలిసింది. 1926లో ఆయన ఔత్సాహిక సినిమా తీసేవారికి కూడా ఒక సంఘం పెట్టాడు. చివరి రోజుల్లో తండ్రి గురించి ఒక పుస్తకం రాశాడు. వదిలి వెళ్ళిన తండ్రి మీద కోపం తీర్చుకునే పుస్తకం కాదది. తన చిన్నప్పుడు ఇంట్లో ఉన్న తండ్రి చేసిన వింతలన్నీ నవ్వుతూ చెప్పిన పుస్తకం. మాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

1936 ఫిబ్రవరిలో ఖగోళ వేధశాల చూడాలని భార్యతో కాలిఫోర్నియా వైపు ప్రయాణమై, దారిలో జబ్బుపడ్డాడు. ఫిబ్రవరి 17న కొలరాడోలోని లా హుంటా ఊళ్ళో కన్నుమూశాడు. వయసు 66. లీగ్ పుట్టిన నాటి నుంచి చివరి రోజు దాకా ఆయనే అధ్యక్షుడు.

మనిషి పోతే కాల్‌సైన్ ఖాళీ అవుతుంది. ఆయన పిలుపు మూగబోకూడదని లీగ్ ప్రభుత్వాన్ని అడిగి తీసుకుంది. 1938 సెప్టెంబరు 2న, ఆయన పుట్టినరోజున, హార్ట్‌ఫర్డ్ దగ్గర న్యూయింగ్టన్‌లో డబ్ల్యూ1ఏడబ్ల్యూ స్మారక స్టేషన్ ప్రారంభమైంది. కొత్తగా మోర్స్ నేర్చుకునేవారికి అది నేటికీ పాఠాలు ప్రసారం చేస్తోంది. ఆయన పాత నిప్పురవ్వ యంత్రం కూడా అక్కడే భద్రంగా ఉంది.

ఆ పరంపర మన దాకా వచ్చింది. హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్ళింది. వెళ్ళింది ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడి లాగ్ నింపుకోవడానికి. డిసెంబరు 26న సునామీ వచ్చి టెలిఫోన్లు పోయాయి. ఆ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి బతికి ఉన్నవారి కబుర్లు వారి ఇళ్ళకు చేరవేసింది. సరదాకు వేసుకున్న గొలుసు ఆపదలో ఆదుకుంది.

తమ్ముళ్ళకు, అన్నలకు

మేము మా ఇంట్లో మొదటి డిగ్రీ. మాకు ముందు ఆ దారిలో నడిచినవారు ఇంట్లో లేరు కాబట్టి ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒక అన్న చెయ్యి పట్టుకున్నారు. అది అదృష్టం. మా స్నేహితుడికి ఆ అదృష్టం లేదు. చదువు అదృష్టం మీద ఆధారపడకూడదు.

అందుకని వార్డెన్ గారి అనుమతితో ఈ సంచిక చివరి పేజీలో ఒక ఫారం పెట్టాం. గడులు ఆరు మాత్రమే. పేరు, హాస్టల్లో ఉన్న సంవత్సరాలు, ఇప్పుడున్న ఊరు, ఫోన్ నంబరు, ఏ విషయంలో సాయం చేయగలరు, ఏ గంటల్లో దొరుకుతారు. తండ్రి పేరు, కులం, ఆదాయం అడగలేదు. పెద్ద ఉద్యోగం ఉన్నవారే నింపాలని లేదు. ఆటో నడిపే అన్న రాత్రి పది గంటలకు బస్టాండులో తమ్ముడిని ఎక్కించుకోగలిగితే ఆయన మనకు విండ్సర్ లాక్స్. నింపి ఆఫీసు గదిలో ఇవ్వండి. వచ్చే ఏడు వార్షికోత్సవం నాటికి దాన్ని పుస్తకంగా కుట్టి, హాజరు పట్టీ పక్కన, అందరికీ అందేలా పెడతాం. మొదటి వరుసలో హార్డ్‌వేర్ షాపులో ఉన్న మా స్నేహితుడి పేరు ఉంది. సాయం గడిలో వాడు రాసింది కౌన్సెలింగ్ కాగితాలు సరిచూడడం.